నడక అదే, వేగం మార్చండి

పొద్దున ఐదున్నరకల్లా సిద్దిపేట కోమటిచెరువు కట్ట మీద జనం కనిపిస్తారు. రిటైరైన పంతుళ్లు, దుకాణం తెరిచేలోపు రెండు రౌండ్లు కొట్టాలనుకునే వ్యాపారులు, దుద్దెడ కలెక్టరేట్‌లో పనిచేసే ఉద్యోగులు, పిల్లలకు టిఫిన్ డబ్బా కట్టే వేళకు ఇల్లు చేరాల్సిన తల్లులు. చెరువును బాగుచేసి, నడకదారి వేసి, వేలాడే వంతెన కట్టాక ఈ ఊరివాళ్లకు నడక నిత్యకృత్యమైంది. ఇది ఏ ఊరికైనా గర్వపడదగ్గ అలవాటు. అయినా ఆ కట్ట మీద చాలామంది నోట వినిపించే మాట ఒకటే: "ఏండ్ల సంది నడుస్తున్న సార్, పొట్ట మాత్రం తగ్గుతలేదు."

ఈ అధ్యాయం ఆ మాటకు జవాబు. మీరు నడిచే సమయం పెంచనక్కర్లేదు. ఆ సమయంలోనే వేగాన్ని మార్చండి. కొంతసేపు దమ్ము వచ్చేదాకా గట్టిగా, కొంతసేపు దమ్ము తీసుకుంటూ నెమ్మదిగా, మళ్లీ గట్టిగా. వ్యాయామ శాస్త్రంలో దీన్ని హై ఇంటెన్సిటీ ఇంటర్వెల్ ట్రైనింగ్, అంటే తీవ్ర విరామ వ్యాయామం, అంటారు. జిమ్ముకు వెళ్లే పిల్లలు 'హిట్' అంటారు. ఇందుకు జిమ్ము అక్కర్లేదు, యంత్రాలు అక్కర్లేదు. చెరువు కట్ట చాలు, ఇంటి మెట్లు చాలు.

రోజూ నడిచినా పొట్ట ఎందుకు తగ్గదు?

మొదటిసారి నడక మొదలుపెట్టినప్పుడు నెలా రెండు నెలలు బరువు తగ్గుతుంది, తర్వాత ఆగిపోతుంది. దీనికి కారణాలున్నాయి. శరీరం ఏ పనినైనా త్వరగా అలవాటు చేసుకుంటుంది. మొదట్లో ఆయాసం తెప్పించిన నడక ఆరు నెలలకు ఏ శ్రమా లేకుండా సాగుతుంది. గుండెకు, కండరాలకు కొత్త పని ఉండదు. పక్కన స్నేహితులతో ముచ్చట్లు పెడుతూ నడిస్తే వేగం ఇంకా తగ్గుతుంది. నడిచే ఆ సమయం తప్ప మిగతా రోజంతా కూర్చునే గడిచిపోతుంది. గల్లా దగ్గర, కంప్యూటర్ ముందు, మగ్గం గుంతలో, బీడీల చాట ముందు కూర్చునేవాళ్ల ఊరు మనది. నడిచి వచ్చాక తాగే తియ్యటి చాయ్, తినే రెండు బజ్జీలు నడకలో ఖర్చయిన శక్తిలో చాలా భాగాన్ని తిరిగి తెచ్చిపెడతాయి.

ఈ పొట్టను అందం విషయంగా చూడకండి. చర్మం కింద ఉండే కొవ్వు కంటే పేగులు, కాలేయం చుట్టూ పేరుకునే కొవ్వు ప్రమాదకరం. అది ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది, బీపీని పెంచుతుంది, కాలేయంలో కొవ్వు నింపుతుంది. భారతీయులకు ఇది మరీ ముఖ్యం. చూడటానికి సన్నగా ఉండి, లోపల కొవ్వు ఎక్కువగా ఉండే శరీర తీరు మనది. అందుకే ప్రపంచానికంతటికీ బీఎంఐ 25 దాటితే అధిక బరువు అంటే, మనకు 23 దాటగానే హెచ్చరిక మొదలవుతుంది.

భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా 1,13,000 మందికి పైగా పరీక్షించి 2023లో ప్రకటించిన ఇండియాబ్ అధ్యయనం ప్రకారం పెద్దల్లో 39.5 శాతం మందికి పొట్ట చుట్టూ ఊబకాయం ఉంది. 11.4 శాతం మందికి మధుమేహం, 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నాయి. ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని వచ్చే జబ్బులు. నడుము తగ్గితే మిగతా రెండింటి మీదా పట్టు దొరుకుతుంది.

ఇప్పుడే ఒక టేపు తీసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్టను లోపలికి లాక్కోకుండా కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ఈ అధ్యాయం మీకోసమే. ఆ కొలతను తేదీతో సహా రాసి పెట్టుకోండి.

చెడుగుడు ఆడినవాళ్లకు ఇది తెలిసిన విద్యే

ఈ పద్ధతి పేరు విదేశీది కావచ్చు, పని మాత్రం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. కబడ్డీలో కూతకు వెళ్లినవాడికి 30 సెకన్లే సమయం. ఆ 30 సెకన్లలో ఒళ్లంతా బిగించి ఉరకాలి, తప్పించుకోవాలి, తిరిగి గీత దాటాలి. తర్వాత తన జట్టులో నిలబడి దమ్ము తీసుకుంటాడు. మళ్లీ పిలుపొస్తే మళ్లీ కూత. 20 నిమిషాల చొప్పున రెండు సగాలు ఇలాగే సాగుతాయి. చిన్నప్పుడు బడి మైదానంలో చెడుగుడు ఆడిన ప్రతి ఒక్కరూ తీవ్ర విరామ వ్యాయామం చేసినవాళ్లే.

ఇవాళ కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్న యువతీ యువకులూ ఇదే చేస్తున్నారు. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాల్లో మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలన్నది నియమం. ఆ వేగం అందుకోవాలంటే రోజూ అదే 1600 మీటర్లు పరుగెత్తితే సరిపోదని శిక్షకులకు తెలుసు. 400 మీటర్లు గట్టిగా ఉరికించి, కొంతసేపు నడిపించి, మళ్లీ ఉరికిస్తారు.

పరుగుల చరిత్రలోనూ ఇదే జరిగింది. చెకోస్లోవేకియా పరుగువీరుడు ఎమిల్ జాటోపెక్ 400 మీటర్ల పరుగును మధ్యలో జాగింగ్‌తో పదేపదే సాధన చేసేవాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడింటిలోనూ స్వర్ణం గెలిచాడు. 1996లో జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా 20 సెకన్ల తీవ్ర శ్రమ, 10 సెకన్ల విశ్రాంతి పద్ధతిని పరీక్షించారు. ఆయన పేరుతోనే ఇప్పుడది జిమ్ముల్లో చలామణి అవుతోంది. ఆ పరీక్షలో పాల్గొన్నవాళ్లు శిక్షణ పొందిన యువకులు. నలభై దాటి, కూర్చుని పనిచేసేవాళ్లు సెల్‌ఫోన్‌లో టబాటా వీడియో చూసి మొదటిరోజే దిగడం ప్రమాదం. మనకు నప్పే దారి వేరే ఉంది.

మనకు పనికొచ్చే ఆధారాలు

జపాన్‌లోని షిన్షు విశ్వవిద్యాలయంలో హిరోషి నోసే బృందం నడివయసు దాటినవాళ్లతో ఒక పద్ధతి నడిపించింది. 3 నిమిషాలు వేగంగా, 3 నిమిషాలు నెమ్మదిగా, అలా ఐదు జతలు. మొత్తం అరగంట, వారానికి నాలుగు రోజులు. ఐదు నెలల తర్వాత చూస్తే వీళ్లకు తొడల బలం, దమ్ము పెరిగాయి, బీపీ తగ్గింది. ఒకే తీరుగా నడిచినవాళ్లలో ఇంత మార్పు రాలేదు. 2007లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో 2013లో వెలువడిన అధ్యయనం మన ప్రశ్నకు ఇంకా దగ్గరిది. మధుమేహం ఉన్నవాళ్లను ఎంచుకున్నారు. ఒక గుంపు 3 నిమిషాల మార్పిడి నడక నడిచింది, మరో గుంపు ఒకే వేగంతో నడిచింది. రెండు గుంపులూ వారానికి ఐదు రోజులు, రోజుకు గంట, నాలుగు నెలలు నడిచారు. ఖర్చయ్యే శక్తి కూడా రెండు గుంపులకూ సమానంగా ఉండేలా చూశారు. వేగం మార్చినవాళ్లు సగటున 4 కిలోలకు పైగా బరువు తగ్గారు, అందులో 3 కిలోలు కొవ్వే. కడుపు లోపలి కొవ్వు కూడా తగ్గింది. ఒకే వేగంతో నడిచినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. పాల్గొన్నవాళ్లు కొద్దిమందే కాబట్టి అందరికీ నాలుగు కిలోలు తగ్గుతుందని అనుకోకూడదు. కానీ కోమటిచెరువు కట్ట మీద వినిపించే ఫిర్యాదుకు ఇంతకంటే సూటి జవాబు లేదు.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గిబాలా బృందం 2016లో ఇంకో లెక్క చూపించింది. 20 సెకన్ల తీవ్ర శ్రమ మూడుసార్లు ఉన్న 10 నిమిషాల సెషన్ ఒకవైపు, 50 నిమిషాల మామూలు వ్యాయామం మరోవైపు. రెండూ వారానికి మూడుసార్లే. పన్నెండు వారాల తర్వాత దమ్ములో, ఇన్సులిన్ పనితీరులో రెండు గుంపులకూ దాదాపు ఒకేలా మేలు జరిగింది. సమయం లేదనేవాళ్లకు ఇది ఊరట.

దీని వెనుక ఉన్న పని తీరు ఇది. గట్టిగా శ్రమపడే నిమిషాల్లో కండరాలు తమలో దాచుకున్న గ్లైకోజెన్‌ను వేగంగా ఖర్చు చేస్తాయి. అది తగ్గాక రక్తంలోని గ్లూకోజును కండరాలు తేలిగ్గా లోపలికి లాక్కుంటాయి. కొన్ని వారాల్లో కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా సంఖ్య పెరుగుతుంది. అవి ఎక్కువైతే మామూలు పనుల్లో, నడకలో కూడా కొవ్వును ఇంధనంగా వాడుకునే శక్తి పెరుగుతుంది. శ్రమలో విడుదలయ్యే అడ్రినలిన్ కొవ్వు కణాల నుంచి కొవ్వును బయటికి పంపుతుంది. పొట్ట లోపలి కొవ్వు ఆ సంకేతానికి త్వరగా స్పందిస్తుంది.

నిజాయితీగా ఒక లెక్క

ప్రకటనల్లో 'ఇరవై నిమిషాలు చేస్తే రోజంతా కొవ్వు కరుగుతూనే ఉంటుంది' అంటారు. వ్యాయామం తర్వాత కొంతసేపు శరీరం అదనంగా శక్తి ఖర్చు చేసే మాట నిజమే, కానీ అది చాలా కొద్ది. అసలు లెక్క ఇలా ఉంటుంది.

ఒక కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కిలోకేలరీలు ఉంటాయి. 70 కిలోల మనిషి 20 నుంచి 25 నిమిషాల తీవ్ర విరామ వ్యాయామంలో 200 కిలోకేలరీల వరకు ఖర్చు చేస్తాడు. వారానికి మూడుసార్లంటే 600. పన్నెండు వారాలకు 7,200. అంటే వ్యాయామం ఒక్కదానితో మూడు నెలల్లో తగ్గేది సుమారు ఒక కిలో.

ఇదే కాలంలో కంచం నుంచి రోజుకు 300 కిలోకేలరీలు తగ్గిస్తే పన్నెండు వారాలకు 25,200 అవుతుంది. కాగితం మీద మూడు కిలోలకు పైమాటే. రెండూ కలిస్తే నాలుగు కిలోలు. నిజజీవితంలో శరీరం సర్దుకుంటుంది కాబట్టి కొంచెం తక్కువే వస్తుంది. ఈ లెక్క మనసులో ఉంటే ఏ వీడియో మాటలకూ మోసపోరు. బరువు తగ్గించడంలో పెద్ద వాటా కంచానిది. తగ్గేటప్పుడు కండ పోకుండా, పొట్ట లోపలి కొవ్వు ముందు కరిగేలా, దమ్ము పెరిగేలా చూసే బాధ్యత వ్యాయామానిది. వేర్వేరు పరిశోధనలను కలిపి 2017లో వేసిన అంచనాల్లోనూ కొవ్వు తగ్గుదల విషయంలో విరామ వ్యాయామం, మామూలు వ్యాయామం దాదాపు సమానంగా నిలిచాయి. విరామ వ్యాయామానికి పట్టిన సమయం మాత్రం సుమారు 40 శాతం తక్కువ.

ఎంత గట్టిగా చేయాలి?

'గట్టిగా' అంటే పక్కవాడి వేగం కాదు, మీ దమ్ము. 25 ఏళ్ల కుర్రాడికి అది పరుగు కావచ్చు, 60 ఏళ్ల పెద్దమ్మకు చురుకైన నడకే కావచ్చు. కొలవడానికి మీ మాటే చాలు.

ఆగకుండా ముచ్చట పెట్టగలుగుతున్నారా? అది తేలిక నడక. పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినా పాట పాడలేకపోతున్నారా? అది మధ్యరకం. నాలుగైదు మాటలకే ఊపిరి కోసం ఆగాల్సి వస్తోందా? అదే మనకు కావాల్సిన గట్టి వేగం. ఒక్క మాట కూడా రావడం లేదా? అది ఆటగాళ్ల స్థాయి, మొదటి రెండు నెలలు అటు పోవద్దు.

చేతి గడియారంలో గుండె వేగం చూసేవాళ్లు 220 నుంచి వయసు తీసేయండి. 45 ఏళ్లవారికి 175 వస్తుంది. అందులో 80 నుంచి 90 శాతం, అంటే 140 నుంచి 157 మధ్య గట్టి వేగం. ఇది సుమారు అంచనా మాత్రమే. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మందులు వాడేవారికి గుండె వేగం అంతగా పెరగదు కాబట్టి వాళ్లు మాట కొలతనే నమ్మాలి.

మొదలుపెట్టేముందు

దయచేసి ఈ భాగాన్ని దాటవేయకండి. 40 దాటినవారు, షుగర్, బీపీ ఉన్నవారు, బీడీ సిగరెట్లు తాగేవారు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవారున్న కుటుంబాలవారు ముందు డాక్టరును కలవాలి. 30 దాటినవారందరికీ ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. సిద్దిపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఒక్క పూట కేటాయిస్తే చాలు.

బీపీ 180/110 గాని ఆపైన గాని ఉన్నరోజు గట్టి వ్యాయామం వద్దు. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గాని వాడేవారికి వ్యాయామంలో షుగర్ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు పొడి గాని చక్కెర గాని పెట్టుకోండి. చేతులు వణికి, చెమట పట్టి, కళ్లు తిరిగితే ఆగి వెంటనే నోట్లో వేసుకోండి. గర్భిణులు, కొత్తగా ప్రసవించినవారు డాక్టరు చెప్పకుండా ఈ పద్ధతి మొదలుపెట్టవద్దు. మోకాళ్ల నొప్పి ఉంటే పరుగు, గెంతులు మానేసి సైకిల్ గాని చిన్న ఎత్తు ఎక్కడం గాని ఎంచుకోండి.

ఛాతీలో బిగువు, ఎడమ చేయికి గాని దవడకు గాని పాకే నొప్పి, ఎన్నడూ లేని ఆయాసం, కళ్లు చీకట్లు కమ్మడం వస్తే అది గ్యాస్ అనుకుని సర్దుకోవద్దు. ఆగి కూర్చోండి, 108కి ఫోన్ చేయించండి.

మన ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో గట్టి వ్యాయామం పొద్దున 7 లోపే ముగించాలి. చెమట ఎక్కువ పడితే కొవ్వు కరుగుతుందని ప్లాస్టిక్ జాకెట్ తొడుక్కుని ఉరికేవాళ్లు ఉన్నారు. పోయేది నీళ్లు మాత్రమే, అవి తాగగానే తిరిగి వస్తాయి. ఆ ప్రయత్నంలో వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

పన్నెండు వారాల దారి

ప్రతి సెషన్‌కు ముందు 5 నిమిషాలు నెమ్మదిగా నడిచి ఒళ్లు వేడెక్కించుకోవాలి. డిసెంబరు, జనవరి చలిలో 8 నిమిషాలు. చివర 5 నిమిషాలు మళ్లీ నెమ్మదిగా నడవాలి. ఒక్కసారిగా ఆగి కూర్చోవద్దు.

1 నుంచి 4 వారాలు: 3 నిమిషాలు గట్టి నడక, 3 నిమిషాలు నెమ్మది నడక. ఐదు జతలు. వారానికి నాలుగు రోజులు. కట్ట మీద స్తంభాలను గాని చెట్లను గాని గుర్తు పెట్టుకోండి. మొదటివారం మూడు జతలతో ఆగినా తప్పులేదు.

5 నుంచి 8 వారాలు: 1 నిమిషం మరింత గట్టిగా, 1 నిమిషం నెమ్మదిగా. ఎనిమిది జతలతో మొదలుపెట్టి పదికి చేరండి. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విడిచి. పరుగెత్తగలిగినవాళ్లు ఈ నిమిషంలో జాగింగ్ చేయవచ్చు. మోకాళ్లు ఒప్పుకోనివాళ్లు ఎత్తుగా ఉన్న రోడ్డు వెతుక్కోండి, ఎక్కేటప్పుడు గట్టిగా నడిచి దిగేటప్పుడు దమ్ము తీసుకోండి. చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్ వైపు సైకిల్ మీద పోయేవాళ్లు పెడల్‌తోనే ఇది చేయవచ్చు.

9 నుంచి 12 వారాలు: వారంలో ఒకరోజు 4 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు నెమ్మదిగా, నాలుగు జతలు. నార్వేలో గుండె దమ్ము పెంచడానికి ఉల్రిక్ విస్లాఫ్ బృందం ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇది. మరో రోజు 30 సెకన్లు చాలా గట్టిగా, 90 సెకన్లు నెమ్మదిగా, ఎనిమిది జతలు. మూడో రోజు మొదటి నెల పద్ధతి. మిగతా రోజుల్లో స్నేహితులతో హాయిగా ముచ్చట్లు పెడుతూ నడవండి, ఆ నడకా లెక్కలోకే వస్తుంది.

వీటికి తోడు వారానికి రెండు రోజులు కండరాల పని ఉండాలి. పాత తాలీంఖానాల్లో పహిల్వాన్లు తీసిన దండీలు, బస్కీలే ఇప్పటికీ మంచి వ్యాయామాలు. దండీలు నేల మీద రాకపోతే గోడకు చేతులు ఆనించి తీయండి. బస్కీలు రాకపోతే కుర్చీలో కూర్చుని లేవండి. పదేసి చొప్పున మూడు విడతలు. కండ తగ్గకుండా కొవ్వు తగ్గాలంటే ఇది తప్పనిసరి.

ఇల్లు కదలలేనివాళ్లకు

దుబ్బాక వైపు రోజంతా బీడీలు చుట్టే అక్కలకు, మగ్గం మీద గొల్లభామ చీర నేసే చేతులకు, చంటిపిల్లలున్న తల్లులకు చెరువు కట్ట దూరం. వాళ్లకు ఇంట్లోనే 15 నిమిషాల దారి ఉంది. గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ 30 సెకన్లు పని, 30 సెకన్లు విశ్రాంతి.

ఉన్నచోటే మోకాళ్లు పైకెత్తుతూ నడక. గడప మెట్టు ఎక్కడం దిగడం. కుర్చీలో కూర్చుని లేవడం. గోడ దండీలు. చేతులు పైకి చాపుతూ అటూ ఇటూ పక్క అడుగులు. ఈ ఐదూ కలిపి ఒక విడత, ఐదు నిమిషాలు. మొదటి వారం ఒక విడత చాలు, నెల తిరిగేసరికి మూడు విడతలకు చేరండి. పొద్దంతా వంగి కూర్చున్న మెడకు, నడుముకు దీంతో ఉపశమనం కూడా దొరుకుతుంది. గంటకోసారి లేచి రెండు నిమిషాలు తిరగడం దీనితోపాటు అలవాటు చేసుకోండి. ఇంట్లో మగవాళ్లకు ఒక మాట: ఆ పావుగంట ఆమె చేతిలోంచి పని తీసుకోండి. ఆరోగ్యానికి అంతకన్నా మంచి కానుక లేదు.

కంచంలో చేయాల్సిన మార్పు

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. రోజుకు 2,000 కిలోకేలరీలు తినే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు గుడ్లు మాంసం కలిపి 85 గ్రాములు, నూనె 27 గ్రాములు. ఇవన్నీ వండకముందు తూకాలు. మన ఇళ్లలో అన్నం కొండంత, కూర గోరంత. ఆ రెండింటి వాటాలు మారిస్తే సగం పని అయినట్టే.

రోజుకు 300 కిలోకేలరీలు తగ్గించడం అనుకున్నంత కష్టం కాదు. రాత్రి 100 గ్రాముల అన్నం తగ్గితే 130. రోజు మొత్తం చాయ్‌లో నాలుగు చెంచాల చక్కెర తగ్గితే 80. కూర పోపులో మీ వంతుకు రెండు చెంచాల నూనె తగ్గితే 90. ఉపవాసం లేకుండా, ఆకలి లేకుండా 300 తేలిపోతుంది. తగ్గిన అన్నం స్థానంలో పప్పు, తోటకూర, పెరుగు, గుడ్డు పెట్టుకోండి. జొన్నరొట్టె మంచిదే, కానీ నాలుగు తింటే అది కూడా ఎక్కువే. సర్వపిండి, సకినాలు పండుగ రోజు తినండి, డబ్బాల్లో నింపి నెలంతా కాదు. మందు, కల్లు తాగుతూ పొట్ట తగ్గాలనుకోవడం కుదరదు. వాటిలోని శక్తి కూడా లెక్కలోకి వస్తుంది, పక్కన తినే మసాలా పల్లీలూ వస్తాయి.

జరిగే పొరపాట్లు

రోజూ గట్టిగా చేయడం మొదటి పొరపాటు. గట్టి శ్రమ తర్వాత కండరాలు బాగుపడటానికి ఒక రోజు పడుతుంది. విశ్రాంతి కూడా వ్యాయామంలో భాగమే. రెండోది, మొదటిరోజే ఉత్సాహంతో వందల బస్కీలు తీయడం. అలా చేశాక విపరీతమైన నొప్పితో పాటు మూత్రం ముదురు రంగులో వస్తే కండరాలు దెబ్బతిన్నాయని అర్థం, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూడోది, పొట్ట వ్యాయామాలు చేస్తే పొట్ట కొవ్వే కరుగుతుందని నమ్మడం. ఏ భాగం నుంచి కొవ్వు తీయాలో శరీరమే నిర్ణయిస్తుంది. నాలుగోది, నిద్ర తగ్గించుకుని వ్యాయామం చేయడం. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూసి నాలుగున్నరకు లేస్తే ఆకలి పెరుగుతుంది, దెబ్బ తగిలే ప్రమాదమూ పెరుగుతుంది. ఏడు గంటల నిద్ర ముందు, వ్యాయామం తర్వాత.

కొలతలు ఇలా పెట్టుకోండి

రోజూ బరువు చూసుకుని దిగులు పడవద్దు. పన్నెండు వారాల్లో మూడు సంగతులు రాసుకోండి. రెండు వారాలకోసారి నడుము కొలత. వారానికోసారి పొద్దున పరగడుపున బరువు. నెలకోసారి చెరువు కట్ట మీద మీరు ఎంచుకున్న రెండు గుర్తుల మధ్య గట్టిగా నడవడానికి పట్టిన సమయం. బరువు కదలని వారాల్లో కూడా నడుము, దమ్ము ముందుకు సాగుతుంటాయి. మందులు వాడేవారు మూడు నెలల చివర షుగర్, బీపీ చూపించుకోండి. మందు తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయించాలి, మీరు కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ గాని, 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ గాని, లేదా రెండింటి కలయిక గాని కావాలి. పైన చెప్పిన పన్నెండు వారాల దారిని మీ మామూలు నడకలతో కలిపి పాటిస్తే ఆ మేర శ్రమ అందుతుంది. పదమూడో వారం నుంచి వారానికి రెండు గట్టి రోజులు, రెండు కండరాల రోజులు, మిగతా రోజులు నడక చాలు. అది జీవితాంతం సాగించగలిగిన మోతాదు.

నడక అలవాటు ఉన్న ఊళ్లో పుట్టారు మీరు. కొత్త అలవాటు నేర్చుకోనక్కర్లేదు, ఉన్నదానికి పదును పెడితే చాలు. టేపుతో నడుము కొలుచుకోండి, బీపీ షుగర్ చూపించుకోండి, రేపటి నడకలో మూడేసి నిమిషాల చొప్పున మూడుసార్లు వేగం పెంచండి. మీ వెంట నడిచే స్నేహితుణ్ని కూడా కలుపుకోండి, ఒక్కరుగా మొదలుపెట్టినవాళ్ల కంటే ఇద్దరుగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువ కాలం నిలుస్తారు. పన్నెండు వారాల తర్వాత టేపు చెప్పే మాటనే నమ్మండి.